ఆ టైమ్ ఎవరు వేశారు?
శిక్షణలో ఉన్న ఎస్సైలకు ఒక రిటైర్డ్ ప్రాసిక్యూటర్ చెప్పిన పాఠం

కూర్చోండి, కూర్చోండి. భోజనం చేసి వచ్చినవాళ్లకు సెక్షన్లు చదివి వినిపించడం పాపం. ఆ నంబర్లు ఎలాగూ పరీక్ష కోసం బట్టీ పడతారు. నేను ఏపీపీగా, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా మొదలుపెట్టి ప్రాసిక్యూషన్ వైపే రిటైరయినవాణ్ణి. పోలీసులు తెచ్చిచ్చిన కాగితాలు పట్టుకుని కోర్టులో నిలబడటమే నా ఉద్యోగం. అందుకని స్టేషన్లో మీరు రాసిన కాగితం కోర్టు హాల్లో ఏమవుతుందో అది చెబుతాను.

కేసు కొట్టేస్తే బయట అందరూ అనే మాట ఒకటే, సాక్షులు అడ్డం తిరిగారని. నిజమే, తిరుగుతారు. ఊళ్లో పెద్దమనుషులు రాజీ చేస్తారు, డబ్బు చేతులు మారుతుంది, భయపెడతారు. అందులో మనం ఆపగలిగింది కొంతే. కానీ సాక్షులు రాయిలా నిలబడ్డా పోయిన కేసులు చాలా చూశాను. వాటిలో ఎస్సైకి చట్టం తెలియక పోయినవి తక్కువ. టైమ్ దగ్గర పోయినవి ఎక్కువ. నేరం ఎన్నింటికి జరిగింది, మీకు ఎన్నింటికి తెలిసింది, ఎన్నింటికి రాశారు, మేజిస్ట్రేట్‌కు ఎన్నింటికి చేరింది, మనిషిని ఎన్నింటికి పట్టుకున్నారు. డిఫెన్స్ లాయరు మీ జీడీ (స్టేషన్ జనరల్ డైరీ), ఎఫ్ఐఆర్, ఆసుపత్రి రికార్డు, అరెస్ట్ మెమో, రిమాండ్ రిపోర్టు బల్ల మీద పక్కపక్కన పరిచి, పెన్సిలుతో టైముల కింద గీతలు గీసుకుంటాడు. మీరు బోనెక్కగానే మొదటి ప్రశ్న అక్కణ్ణుంచే వస్తుంది.

కొత్త చట్టాల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ అంటున్నాం. 2024 జూన్ 30న జరిగిన నేరం మీద ఇవాళ ఫిర్యాదు వచ్చినా శిక్ష సెక్షన్ ఐపీసీదే వేయాలి. రాజ్యాంగం 20వ అధికరణం ఒకటో క్లాజు అది. దర్యాప్తు మాత్రం కొత్త పద్ధతిలో నడుస్తుంది. ఇక్కడ కూడా చూడండి, నేరం జరిగిన తేదీ తప్పు రాస్తే చట్టమే మారిపోతుంది.

ఒక కేసు తీసుకుందాం. కల్పితమే, కానీ మీలో ప్రతి ఒక్కరికీ మొదటి నెలలోనే వస్తుంది. గట్టు తగాదా. స్టేషన్‌కు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఊరు. సాయంత్రం ఏడింటికి అన్న, అతని కొడుకు కలిసి తమ్ముణ్ణి గొడ్డలి కామతో తల మీద కొట్టారు. 7.20కి ఎవరో 100కి ఫోన్ చేసి 'మా ఊళ్లో కొట్టుకుంటున్నారు, తొందరగా రండి' అని పెట్టేశారు. మీరు 7.50కి వెళ్లారు. అప్పటికే తమ్ముణ్ణి ఆటోలో ఏరియా ఆసుపత్రికి తీసుకుపోయారు. 8.30కి ఆసుపత్రి నుంచి ఎంఎల్‌సీ ఇంటిమేషన్, అంటే పోలీసులకు చెప్పాల్సిన గాయం కేసు వచ్చిందన్న కబురు, వచ్చింది. మీరు 9.15కి ఆసుపత్రిలో అతని స్టేట్‌మెంట్ రాశారు. స్టేషన్‌కు పంపితే 10.30కి ఎఫ్ఐఆర్ అయింది.

ఇప్పుడు చెప్పండి, సమాచారం అందిన టైమ్ ఎంత? 7.20నా, 8.30నా, 10.30నా?

(తరగతిలో రకరకాల జవాబులు)

ఆ ఫోన్ ఎఫ్ఐఆర్ కాదు. ఎవరు ఎవర్ని కొట్టారో, ఏమైందో లేని పొడి ఫోన్ కాల్‌ను కోర్టులు ఎఫ్ఐఆర్‌గా తీసుకోవు. అది మిమ్మల్ని కదిలించే కబురు మాత్రమే. కానీ అది జీడీలో ఎక్కాలి. 7.20కి ఫోన్ వచ్చింది, ఇంతమందితో 7.25కి బయలుదేరాం అని. ఎందుకంటే 100 కాల్ రికార్డు కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది, డిఫెన్స్ తెప్పిస్తుంది. జీడీలో లేకపోతే లాయరు సూటిగా అడుగుతాడు. ఎనిమిది కాకముందే ఊళ్లో ఉన్న ఎస్సై పదిన్నర దాకా ఏం చేశాడు, రెండున్నర గంటలకు పైగా కూర్చుని పేర్లు అల్లారా అని. 1972లో తులియా కాళి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ఎఫ్ఐఆర్ ఆలస్యమైన కొద్దీ అందులోకి కల్పన చేరే అవకాశం పెరుగుతుంది. ఆలస్యం ఒక్కదానితోనే కేసు పోదు. చెప్పని ఆలస్యంతో పోతుంది. ఎఫ్ఐఆర్ ఫారంలో ఎనిమిదో గడి ఆలస్యానికి కారణం రాయడానికే ఉంది. స్టేషన్ రైటర్లు అలవాటుగా అక్కడ 'ఆలస్యం లేదు' అని కొట్టేస్తారు. మన కేసులో మూడున్నర గంటలు పట్టింది, ఎందుకు పట్టిందో ఒక వాక్యం రాస్తే ఏం పోయింది?

9.15కి ఆసుపత్రిలో రాసిన స్టేట్‌మెంట్ ఉంది చూశారా, అదే మీ కేసుకు ప్రాణం. డ్యూటీ డాక్టరు చేత 'మాట్లాడే స్థితిలో ఉన్నాడు' అని రాయించి, టైమ్ వేయించి, సంతకం తీసుకోండి. అతను చెప్పిన మాటలు అతను చెప్పినట్టే రాయండి. 'నిందితులు మారణాయుధాలతో విచక్షణారహితంగా దాడి చేసినారు' అని ఏ రైతూ చెప్పడు. 'మా అన్న కామతో కొట్టిండు, నా కొడుకా ఇయ్యాలతో నీ పని అయిపోయింది అన్నడు' అంటే అలాగే రాయండి. ఆ మాటలోనే ఉద్దేశం ఉంది, హత్యాయత్నమో కాదో అది తేలుస్తుంది. మీ గ్రాంథికంలో అది మాయమైపోతుంది.

ఇంకో సంగతి. ఆసుపత్రి రిజిస్టరులో డాక్టరు ఏం రాశాడో చూడండి. తీసుకొచ్చిన ఆటోవాడు కేసులో ఇరుక్కోవడం ఎందుకని 'బండి మీద నుంచి పడ్డాడు' అని చెప్పి ఉండొచ్చు. ఎనిమిదింటికి ఆసుపత్రిలో పడిపోయాడు అని, తొమ్మిదింబావుకి మీ దగ్గర అన్న కొట్టాడు అని ఉంటే, వూండ్ సర్టిఫికెట్ (గాయాల మీద డాక్టరు ఇచ్చే పత్రం) కోర్టులో సాక్ష్యంగా మార్క్ అయిన రోజున ప్రాసిక్యూటర్ మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆ తేడా మీకు ఆ రాత్రే తెలిస్తే ఆటో డ్రైవరును పిలిచి ఎందుకలా చెప్పాడో స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. ఏడాదిన్నర తర్వాత కోర్టులో తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఎఫ్ఐఆర్ ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 173. పాత సీఆర్పీసీలో 154. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, కనిపిస్తే కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నేరం మీ పరిధిలో జరగకపోయినా జీరో నంబరుతో కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి, అది ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఆన్‌లైన్‌లో పంపితే ఫిర్యాదుదారు మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలి. కాపీ ఉచితం, అడగకుండానే ఇవ్వండి. మూడేళ్లు, ఆపైన, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ప్రాథమిక విచారణకు 173(3) అవకాశం ఇచ్చింది. దానికి డీఎస్పీ అనుమతి కావాలి, పద్నాలుగు రోజుల్లో ముగియాలి. ఈ సబ్‌సెక్షన్ మీద నాకు కొంచెం భయం ఉంది. ఫిర్యాదును సొరుగులో పెట్టుకుని రెండు వైపులా మాట్లాడించడానికి చట్టమే దారి చూపిందని కొందరు అనుకుంటున్నారు. అది చూపిన దారి పద్నాలుగు రోజులదే. అనుమతి తీసుకున్న తేదీ కాగితం మీద లేకపోతే అదీ లేదు.

ఒక చేయి పైకి లేచింది. అడగమ్మా.

'సార్, పైఅధికారి ఇప్పుడే ఎఫ్ఐఆర్ వద్దు, రాజీ చేద్దాం అంటే ట్రైనింగ్‌లో నేర్చుకున్నది ఎలా చెప్పాలి?'

మంచి ప్రశ్న, ఈ హాల్లో అందరి కడుపులో ఉన్న ప్రశ్న. పైఅధికారితో వాదించమని నేను చెప్పను, నేను ఉద్యోగం చేసినవాణ్ణే. వచ్చిన ఫిర్యాదును వచ్చిన టైముకు జీడీలో ఎక్కించడం మీ చేతిలో ఉంది. అది ఎక్కిన తర్వాత రాజీ అనే మాట మెల్లగా తగ్గుతుంది. ఎందుకంటే ఫిర్యాదుదారు 173(4) కింద ఎస్పీకి పంపుకోవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లొచ్చు. అప్పుడు రిజిస్టరు చూస్తారు. ఇక లైంగిక దాడి, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా వంటి నేరాల్లో సమాచారం ఇచ్చినా నమోదు చేయని అధికారికి బీఎన్ఎస్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. ఆ కేసులో నిందితుడి పేరు దగ్గర మీ పేరే రాస్తారు, వద్దన్న ఆయన పేరు కాదు. ఈ ముక్క ఆయనకు మర్యాదగా గుర్తు చేయండి. 'సార్, 199 ఉంది కదా సార్' అంటే చాలు.

సెక్షన్ ఏది వేయాలి? తల మీద కామతో కొట్టారు. బీఎన్ఎస్ 118(1), ప్రమాదకర ఆయుధంతో గాయపరచడం, మూడేళ్ల దాకా శిక్ష. గాయం తీవ్రమైనదని తేలితే 118(2). చంపే ఉద్దేశం మాటల్లో, చేతల్లో కనిపిస్తే 109, హత్యాయత్నం. ఇద్దరూ కలిసి ఒకే ఉద్దేశంతో చేస్తే 3(5). ఇక్కడో జబ్బు ఉంది. 118(1) అయితే నోటీసు ఇచ్చి పంపాలి, అరెస్టు కుదరదు కాబట్టి ఫిర్యాదుదారుకు తృప్తి ఉండదు, ఊళ్లో పరువు ఉండదు అని 109 తగిలిస్తారు. చార్జిషీటుకొచ్చేసరికి అది తీసేస్తారు. ఈ లోపల ఒక మనిషి జైల్లో ఉండి వచ్చాడు. బెయిలు వాదనల్లో జడ్జి నన్ను అడిగేవారు, వూండ్ సర్టిఫికెట్‌లో సింపుల్ అని ఉంటే 109 ఎక్కడినుంచి వచ్చిందని. నా దగ్గర జవాబు ఉండేది కాదు. నేరాన్ని బట్టి సెక్షన్ వేయండి. తర్వాత వివరాలు మారితే సెక్షన్ మార్చడానికి ఆల్టరేషన్ మెమో ఉండనే ఉంది.

ఎఫ్ఐఆర్ అయింది. ఇప్పుడు చట్టం చెప్పేది, మేజిస్ట్రేట్‌కు తక్షణం రిపోర్టు పంపమని. బీఎన్ఎస్ఎస్ 176. ఎఫ్ఐఆర్ ఫారంలో చివరి గడి, పదిహేనోది, కోర్టుకు పంపిన తేదీ, సమయం. రాత్రి పదిన్నరకు కట్టిన ఎఫ్ఐఆర్‌ను హత్యలాంటి కేసయితే ఆ రాత్రే కానిస్టేబుల్ మేజిస్ట్రేట్ గారి ఇంటికి పట్టుకెళ్లాలి. ఆయన తన చేత్తో 'ఇన్ని గంటలకు, ఫలానా పీసీ ద్వారా అందింది' అని రాస్తారు. ఆ ఒక్క గీత మీ కేసును ఎలా కాపాడుతుందో మీకు ఇప్పుడు తెలియదు. ఆ గీత పడ్డ తర్వాత ఎఫ్ఐఆర్ మార్చారు, పేర్లు చేర్చారు అని ఎవరూ అనలేరు. మెహరాజ్ సింగ్ కేసులో 1994లో సుప్రీంకోర్టు, ఎఫ్ఐఆర్ వెనక తేదీతో పుట్టిందా అని పట్టుకోవడానికి రెండు చోట్ల చూడమంది. ఒకటి మేజిస్ట్రేట్‌కు చేరిన టైమ్. రెండోది శవ పంచనామాతో పాటు ఎఫ్ఐఆర్ కాపీ వెళ్లిందా, పంచనామా మీద క్రైమ్ నంబరు, సెక్షన్ ఉన్నాయా అన్నది.

కోర్టు కానిస్టేబుల్ మర్నాడు ఎలాగూ వెళ్తాడు కదా, అన్నీ కలిపి పంపుదాం అనే అలవాటు ఉంది. బస్సు ఖర్చు మిగులుతుంది. పన్నెండు గంటల ఆలస్యానికి కారణం మాత్రం బోనులో మీరే చెప్పుకోవాలి. కారణం నిజంగా ఉంటే, వాగు పొంగింది, మేజిస్ట్రేట్ గారు సెలవులో ఉండి ఇన్‌చార్జ్ కోర్టు పక్క ఊళ్లో ఉంది, ఇలాంటిది ఉంటే కేసు డైరీలో రాసేయండి. కోర్టులు అర్థం చేసుకుంటాయి.

మన కేసులో తమ్ముడు మూడో రోజు చనిపోయాడనుకుందాం. సెక్షన్ హత్యకు, 103(1)కి మారుతుంది. ఆ రోజే మెమో వేసి కోర్టుకు పంపాలి. మీరు 9.15కి రాసిన స్టేట్‌మెంట్ ఇప్పుడు మరణ వాంగ్మూలం, బీఎస్ఏ 26 కింద సాక్ష్యం. అందుకే డాక్టరు సంతకం గురించి అంత పట్టుబట్టాను. డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాంగ్మూలం చెల్లదని కాదు, 2002లో లక్ష్మణ్ కేసులో ఐదుగురు జడ్జిలు ఆ సంగతి తేల్చారు. కానీ ఉన్న చోట వాదనే ఉండదు. శవ పంచనామాకు, అంటే బీఎన్ఎస్ఎస్ 194కు వస్తే, అది చావుకు కనిపించే కారణం తేల్చడానికే. ఎవరు కొట్టారు, ఎన్ని దెబ్బలు, ఎవరు చూశారు అన్నదంతా అందులో కూర్చాల్సిన పని లేదని మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్లు మాత్రం ఇప్పటికీ కథంతా పంచనామాలోకి ఎక్కించి, తర్వాత స్టేట్‌మెంట్లతో కలవక తంటాలు పడతారు.

అరెస్టుకు వద్దాం. ఎక్కువ సేపు ఇక్కడే ఉంటాను, ఇప్పుడు కోర్టులన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, ఏడేళ్లతో కలిపి, బీఎన్ఎస్ఎస్ 35 చెప్పిన కారణాలు లేకుండా అరెస్టు కుదరదు. అవసరం లేని చోట 35(3) నోటీసు. పాత 41ఏ. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు వచ్చింది 498ఏ (భార్యపై అత్తింటి వేధింపులు) కేసులోనే అయినా వర్తించేది ఆ కేసులకే కాదు. ఎందుకు అరెస్టు చేశారో చెక్‌లిస్టు నింపి మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ చెక్‌లిస్టులో అన్ని గడులకూ టిక్కులు కొట్టి తెచ్చిన ఎస్సైలను చూశాను. సాక్షులను బెదిరిస్తాడు, పారిపోతాడు, సాక్ష్యం చెరిపేస్తాడు, మళ్లీ నేరం చేస్తాడు, అన్నీ. ఇంట్లో పడుకున్న డెబ్బై ఏళ్ల ముసలాయన మీద! ఆయన్ను అరెస్టు చేయాలంటే అసలు డీఎస్పీ ముందస్తు అనుమతి కావాలి, నేరం మూడేళ్ల లోపుదైతే, మనిషి అరవై దాటితే లేదా బలహీనుడైతే. 35(7). నోటీసును వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకోవద్దని కూడా 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలో ఉన్న పద్ధతిలోనే అందజేసి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

అరెస్టు చేస్తే మెమో రాయాలి. కుటుంబ సభ్యుడు గానీ ఆ ప్రాంతంలో గౌరవనీయుడైన ఒకరు గానీ సాక్షి సంతకం చేయాలి, పట్టుబడిన మనిషి సంతకం కూడా ఉండాలి. డి.కె. బసు కేసు నాటి మాట, ఇప్పుడు సెక్షన్ 36. బంధువుకు గానీ స్నేహితుడికి గానీ చెప్పాలి, చెప్పిన టైమ్, నంబరు జీడీలో రాయాలి. వైద్య పరీక్ష చేయించాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. ఇక్కడ చాలామంది తడబడతారు. 'క్రైమ్ నంబరు ఇంత, 103(1) కింద అరెస్టు చేస్తున్నాం' అనేది సెక్షన్ చెప్పడం. ఫలానా తేదీన ఫలానా చోట నువ్వు ఇది చేశావని ఫలానా ఆధారం ఉంది అనేది కారణం చెప్పడం. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో కారణాలు చెప్పలేదనే అరెస్టు చెల్లదని మనిషిని వదిలేశారు. అదే ఏడాది నవంబరులో ఇంకో అడుగు వేశారు. ఏ నేరమైనా సరే, కారణాలు రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఆ క్షణంలో కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. తెలుగు మాత్రమే వచ్చిన కూలీకి ఇంగ్లిష్‌లో టైపు చేసిన కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటే అది ఇచ్చినట్టు కాదు. అలాగే ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండి తప్ప రాని మనిషికి తెలుగు కాగితం ఇస్తే చదివి వివరించినవాళ్లు ఎవరో రాసుకోండి.

ఇక ఇరవై నాలుగు గంటలు. రాజ్యాంగం 22(2), బీఎన్ఎస్ఎస్ 58. అందరికీ తెలుసు, ప్రయాణ సమయం తీసేసి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందుంచాలి. ఆ కోర్టుకు పరిధి ఉన్నా లేకపోయినా సరే. గడియారం ఎప్పుడు మొదలవుతుంది అన్నది ప్రశ్న. మన స్టేషన్లలో ఒక పాత ఆచారం ఉంది. మనిషిని సోమవారం రాత్రి ఇంట్లోంచి తీసుకొస్తారు. మంగళవారమంతా స్టేషన్లో ఉంటాడు. బుధవారం ఉదయం పదకొండింటికి 'నమ్మదగిన సమాచారం మేరకు బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా' అరెస్టు చేసినట్టు చూపిస్తారు. మన రిమాండ్ రిపోర్టుల్లో నేరస్థులందరూ బస్టాండు దగ్గరే ఎందుకు తిరుగుతారో నాకెప్పుడూ అర్థం కాలేదు.

(నవ్వులు)

నవ్వుకుందాం గానీ, ఇది ఇక నడవదు. స్వేచ్ఛ పోయిన నిమిషం నుంచే లెక్క, మెమో మీద వేసిన టైమ్ నుంచి కాదు అని తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచి కూడా 2024లో స్పష్టంగా చెప్పింది. చట్టం పక్కన పెట్టినా, దాచే మార్గం ఎక్కడుంది? 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్లో సీసీటీవీ పెట్టాలన్నారు, రికార్డింగు పద్దెనిమిది నెలలు, కనీసం ఏడాది ఉంచాలన్నారు. అతని ఫోన్ టవర్ మీ స్టేషన్ చూపిస్తుంది. మీ ఫోన్ టవర్ అతని ఊరు చూపిస్తుంది. భార్య సోమవారం రాత్రే కలెక్టరుకో మానవ హక్కుల కమిషన్‌కో మెయిల్ పెట్టి ఉంటుంది. ఆ ఒక్క అబద్ధపు టైమ్‌తో అరెస్టు పోతుంది, దాని వెంట రికవరీ పోతుంది, మీ మాట మీద జడ్జికి నమ్మకం పోతుంది. మీరు నిజంగా కష్టపడి పట్టుకున్న దొంగ నవ్వుకుంటూ బయటకు వెళ్తాడు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మహిళల విషయం ఒక్క మాటలో. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు వద్దు. తప్పదనుకుంటే మహిళా అధికారి రాతపూర్వక రిపోర్టు ఇచ్చి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలి. బేడీల గురించి 43(3)లో కొన్ని నేరాలకు అవకాశం ఇచ్చారు గానీ అది 'వేయవచ్చు' అనేది. ఎందుకు వేశారో రాసుకోండి.

రికవరీ అన్నాను కదా. పోలీసుకు చెప్పిన నేరాంగీకారం చెల్లదు, పోలీసు కస్టడీలో చెప్పినదీ చెల్లదు. పాత సాక్ష్య చట్టం 25, 26, 27 సెక్షన్లు ఇప్పుడు బీఎస్ఏ 23లో కలిశాయి. చెప్పిన మాట వల్ల ఏదైనా విషయం బయటపడితే ఆ ముక్క వరకే పనికొస్తుంది. దీని మీద దేశమంతా, ఇవాళ్టికీ, ప్రతి కోర్టులో చదివే తీర్పు మన గుంటూరు నుంచి వెళ్లింది. పులుకూరి కోటయ్య కేసు. పల్నాటి పల్లెలో పార్టీల గొడవ, హత్యలు. గుంటూరు సెషన్స్ కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1947 రిపోర్టుల్లో అచ్చయింది. నిందితుడు చెప్పినదాని సారాంశం, ఫలానా చెరువు దగ్గర కాపు కాసి కొట్టి చంపాం, నా బల్లెం, కర్ర ఊళ్లో ఫలానావాళ్ల గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను అని. ప్రివీ కౌన్సిల్ ఏమంది? వామిలో దాచాను, చూపిస్తాను, ఇంతవరకు పనికొస్తుంది. కాపు కాసి చంపాం అనేది పనికిరాదు. బయటపడిన విషయమంటే బల్లెం ఒక్కటే కాదు, అది ఎక్కడుందో, అక్కడుందని ఇతనికి తెలుసు అన్నది. దాంతో ఎవర్ని పొడిచాడన్నది వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి.

ఇంత పాత తీర్పు ఉండగా మన ఒప్పుకోలు పంచనామాలు ఎలా ఉంటాయి? 'నేను ఫలానా ఊరిలో పుట్టి, అయిదవ తరగతి వరకు చదివి' అని మొదలై నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీల్లో కోర్టులో మార్క్ అయ్యేది ఒకటిన్నర వాక్యం. ఆ ఒకటిన్నర వాక్యం అతని సొంత మాటల్లో ఉండదు. మీరు రాయాల్సింది అదే. అతను ఏ మాట అన్నాడు, ఎన్నింటికి అన్నాడు, ఎన్నింటికి బయలుదేరారు, ముందు ఎవరు నడిచారు, వస్తువు ఎక్కడినుంచి ఎవరు తీశారు. మధ్యవర్తుల (పంచనామాకు సాక్షులుగా ఉండేవాళ్ల) నివేదికలో ఇవి ఉంటే చాలు.

మధ్యవర్తుల సంగతి కూడా. స్థానికులు, స్వతంత్రులు కావాలి. ఒకే మనిషి పది కేసుల్లో మధ్యవర్తిగా కనిపిస్తే, స్టేషన్ బయట టీ కొట్టువాడేనా అని అడుగుతారు. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయ్యాక ఈ ఇబ్బంది పెరిగిందని మీ సీనియర్లు చెబుతారు. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 105 వచ్చింది. తనిఖీ, స్వాధీనం, జాబితా రాయడం, సాక్షులు సంతకాలు చేయడం, మొత్తం ఫోన్‌లోనైనా వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. నిజాయతీగా పనిచేసే ఎస్సైకి ఇంతకంటే మంచి సాక్షి లేడు. కాకపోతే ఆ సాక్షి దగ్గర గడియారం ఉంది. పంచనామాలో ఉదయం ఆరింటికి మొదలుపెట్టాం అని రాసి, వీడియో ఫైలు మధ్యాహ్నం పన్నెండు చూపిస్తే ఏం చెబుతారు? వీడియోకు బీఎస్ఏ 63 కింద సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్‌తో) సహా, అదే రోజు తయారు చేయించుకోండి. ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని 176(3) చెబుతోంది. వాళ్లు వచ్చేదాకా రక్తం మరకల మీద ఊరంతా నడవకుండా చూడటం మీ కానిస్టేబుల్ పని.

సాక్షుల స్టేట్‌మెంట్లు త్వరగా చెప్పేస్తాను. బీఎన్ఎస్ఎస్ 180. సంతకం తీసుకోకూడదు. ఒక్కొక్కరిది విడిగా, ఉన్నది ఉన్నట్టు రాయాలని సెక్షనే చెబుతోంది. 'ఎల్‌డబ్ల్యూ 2 (రెండో సాక్షి) కూడా పై విధంగానే చెప్పినది' అంటే మీరు ఆమెను విచారించలేదని అర్థం. ఒకరి స్టేట్‌మెంట్ కాపీ చేసి పేరు మార్చి పేస్ట్ చేస్తే, మొదటివాడి అక్షరదోషం కూడా రెండోదాంట్లోకి వచ్చేస్తుంది. భర్త స్టేట్‌మెంట్‌లోని 'నా భార్య' అనే మాట భార్య స్టేట్‌మెంట్‌లోనూ ఉన్న కేసు కాగితాలు నేను చూశాను. మహిళను, పదిహేనేళ్ల లోపు, అరవై దాటినవాళ్లను స్టేషన్‌కు పిలిపించకండి, మీరే ఇంటికి వెళ్లండి. 179.

కేసు డైరీ, 192. సమాచారం ఎన్నింటికి అందింది, దర్యాప్తు ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్నింటికి ముగించారు, ఎక్కడెక్కడికి వెళ్లారు, ఇవి రోజువారీగా రాయాలని చట్టమే చెప్పింది. పేజీ నంబర్లతో కట్ట ఉండాలి. నెలాఖరున రైటర్ కూర్చుని ముప్ఫై రోజుల డైరీ ఒకే పెన్నుతో రాయడం దర్యాప్తు కాదు.

ఇంకో ప్రశ్న ఉన్నట్టుంది.

'సార్, చార్జిషీటు అరవై, తొంభై రోజుల లెక్కలో రిమాండ్ రోజు కలపాలా, వదలాలా?'

కలపాలి. 2023లో కపిల్ వాధవాన్ కేసులో ముగ్గురు జడ్జిలు తేల్చేశారు, మేజిస్ట్రేట్ రిమాండ్ చేసిన రోజే ఒకటో రోజు. అరెస్టు రోజు నుంచి కాదు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు ఆపైన శిక్ష ఉండే నేరాలకు తొంభై, మిగతావాటికి అరవై. పదేళ్ల 'దాకా' అని రాసి ఉన్న సెక్షన్‌కు తొంభై అనుకుని నిదానంగా ఉంటారు కొందరు. రాకేశ్ కుమార్ పాల్ కేసులో 2017లో పాత చట్టం కింద దానికి అరవైయే అన్నారు. కొత్త సెక్షన్ 187లో మాటలు కొంచెం మారాయి, వాదనలు నడుస్తున్నాయి. మీరు ఆ వాదనలో ఇరుక్కోకండి, అనుమానం ఉన్న చోట అరవై అనుకునే పని చేయండి. గడువు దాటిన మర్నాడు పదిన్నరకు నిందితుడి లాయరు బెయిలు పిటిషన్ వేసి, మీరు పన్నెండింటికి చార్జిషీటు తెస్తే, బెయిలు అతని హక్కు. హత్య కేసైనా సరే. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు రాలేదని ఆగొద్దు, ఉన్నదాంతో వేసి, రిపోర్టు వచ్చాక అదనపు చార్జిషీటు వేయవచ్చు. ఫిర్యాదుదారుకు తొంభై రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో చెప్పడం కూడా ఇప్పుడు మీ విధి, ఫోన్ మెసేజ్ అయినా పెట్టండి.

పోలీసు కస్టడీ పదిహేను రోజులే, కానీ ఇప్పుడు దాన్ని ముక్కలుగా, అరవై రోజుల కేసుల్లో మొదటి నలభై రోజుల్లో, తొంభై రోజుల కేసుల్లో మొదటి అరవై రోజుల్లో అడగవచ్చు. అడిగే పిటిషన్‌లో ఎందుకు కావాలో రాయండి. 'లోతుగా విచారించుటకు' అని రాస్తే ఏ జడ్జీ ఇవ్వరు, నేనయినా ఇవ్వను.

టీ వచ్చినట్టుంది. తాగి వచ్చాక అందరికీ ఖాళీ ఎఫ్ఐఆర్ ఫారాలు ఇస్తారు. గట్టు తగాదా కేసే. అందులో నేరం జరిగిన, సమాచారం అందిన టైములు రాసే మూడో గడి, ఎనిమిదో గడి, పదిహేనో గడి నింపి, ఆ రాత్రి జీడీ ఎంట్రీలు విడి కాగితం మీద రాసి తెండి. డిఫెన్స్ లాయరుగా నేను కూర్చుంటాను.